ఫ్రిస్కోలో బ్యాటింగ్ పాఠాలు: ఒక డ్రిల్లు మాస్టారి రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, నాకు బేస్‌బాల్ రాదు. ముప్పై మూడేళ్లు రేపల్లె చుట్టుపక్కల జిల్లా పరిషత్ హైస్కూళ్లలో పీఈటీగా చేసి రిటైరయ్యాను. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ గురించి అడగండి, చెప్తాను. ఫిబ్రవరిలో అమ్మాయి దగ్గరికి టెక్సాస్‌లోని ఫ్రిస్కో ఊరికి వచ్చాక, పదేళ్ల మనవడి బ్యాటింగ్ క్లాసులో కూర్చోవడం నా డ్యూటీ అయింది. అల్లుడు మమ్మల్ని దించేసి ఆఫీసు కాల్స్ కోసం కార్లోనే ఉండిపోతాడు. లోపల గంటసేపు చూసేది నేను. ఐదు నెలల్లో రెండు చోట్లు చూశాను. మొదటి చోటు పేరు రాయడం మర్యాద కాదు. రెండో చోటు పేరు రాయకపోవడానికి కారణం వేరే ఉంది. ఆయన దగ్గర వారానికి నాలుగు బ్యాచ్‌లే ఉన్నాయి, మావాడికే స్లాట్ దొరకడం కష్టంగా ఉంది. కావాల్సినవాళ్లు ఇక్కడ ఏ తెలుగు వాట్సాప్ గ్రూపులో అడిగినా చెప్తారు.

మొదటిది అద్దాల తలుపులు, ఏసీ, కాఫీ మెషిన్ ఉన్న చోటు. 45 నిమిషాలకు 80 డాలర్లు. డాలర్లను రూపాయల్లోకి మార్చొద్దని అమ్మాయి చెప్తూనే ఉంటుంది, నేను మారుస్తూనే ఉంటాను. వల కట్టిన పంజరంలో పిల్లవాణ్ణి నిలబెడతారు. అటు చివర రెండు చక్రాల యంత్రం పసుపు బంతుల్ని ఒకే ఎత్తులో, ఒకే వేగంతో విసురుతుంది. పక్కన టీవీలో ప్రతి దెబ్బకీ బంతి ఎంత వేగంతో, ఎన్ని డిగ్రీల కోణంలో లేచిందో పడుతుంది. కోచ్ కుర్రాడు మంచివాడే, కానీ నోరు మూయడు. మోచెయ్యి పైకి, తుంటి ముందు తిప్పు, చేతులు లోపల ఉంచు, వెనక పాదంతో పురుగును నలిపినట్టు తిప్పు, తల కదపకు. ఇవన్నీ ఒక్క బంతికే. నేను లెక్కపెట్టాను, ఒకసారి ఏడు వచ్చాయి.

అయినా అప్పట్లో నాకు అది బ్రహ్మాండంగా నచ్చింది. మొదటివారం వందకి ముప్పై బంతులు తగిలితే, ఆరోవారానికి ఎనభై దాకా వచ్చాయి. వీడియో తీసి రేపల్లెలో ఉన్న మా ఆవిడకి పంపాను. డీఎస్సీ రాసినవాళ్లందరికీ థార్న్‌డైక్ అనే మనస్తత్వవేత్త చెప్పిన మూడు నియమాలు నోటికి వచ్చు కదా: సంసిద్ధతా నియమం, అభ్యాస నియమం, ఫలిత నియమం. చేసేకొద్దీ బంధం గట్టిపడుతుంది, చేయకపోతే సడలుతుంది. ఇదిగో, కళ్లెదురుగా అభ్యాస నియమం పనిచేస్తోంది అనుకున్నాను.

మార్చి రెండో శనివారం మ్యాచ్. మావాడు మూడుసార్లు బ్యాటింగ్‌కి వెళ్లాడు. మూడుసార్లూ మూడు స్ట్రైకులు (కొట్టాల్సిన బంతిని వదిలేసినా, ఊపి తప్పినా ఒక స్ట్రైకు, మూడైతే అవుట్), వెనక్కి. అందులో రెండుసార్లు చివరి బంతికి బ్యాట్ ఎత్తనేలేదు. బంతి విసిరే పిచ్చర్ కూడా వీడంతే, పదేళ్ల పిల్లాడే. ఆ వయసు ఆటలో పిచ్చర్ 46 అడుగుల దూరం నుంచి విసురుతాడు, బంతి రావడానికి అర సెకను పైనే పడుతుంది. పెద్దవాళ్ల ఆటలో 60 అడుగుల 6 అంగుళాల నుంచి 95 మైళ్ల వేగంతో వచ్చే బంతికి సుమారు 0.4 సెకన్లే దొరుకుతుందట. మావాడికి దొరికింది తక్కువ సమయమేమీ కాదు. మరి పంజరంలో ఎనభై కొట్టినవాడికి ఇక్కడ ఏమైంది?

కారులో ఎవరూ మాట్లాడలేదు. నాకు మాత్రం పాత సంగతి గుర్తొచ్చి సిగ్గేసింది. ఒక ఏడాది స్కూళ్ల మధ్య జరిగే గ్రిగ్ పోటీల ముందు మా వాలీబాల్ పిల్లల చేత రోజుకి వంద సర్వీసులు కొట్టించాను. ఒకే చోట నిలబడి, గోడ మీద సున్నంతో గీసిన ఒకే గుర్తుకి. పోటీలో మొదటి సెట్లోనే ఆరు సర్వీసులు నెట్‌కి పోయాయి. పిల్లల్ని తిట్టాను. తప్పు పిల్లలది కాదని ఇన్నేళ్లకి, ఇంత దూరం వచ్చాక తట్టింది.

ఇంకో మాట. మన గైడ్లలో అభ్యాస నియమం రాస్తారు గానీ, 1930 ప్రాంతంలో థార్న్‌డైక్ తానే దాన్ని సవరించుకున్న సంగతి చాలామంది దాటేస్తారు. కళ్లకు గంతలు కట్టి, ఫలానా పొడవు గీత గీయమని మనుషుల్ని కూర్చోబెట్టాడు. పొడవు సరిపోయిందో లేదో చెప్పకుండా ఎన్ని వందలసార్లు గీయించినా మెరుగుపడలేదు. ఉత్త పునశ్చరణ ఏమీ నేర్పదని ఆయనే ఒప్పుకున్నాడు.

యంత్రంతో ఇంకో చిక్కు ఉంది. దానికి చెయ్యి లేదు. మనిషి విసిరేటప్పుడు భుజం, మణికట్టు, బంతి వేళ్లలోంచి జారే కోణం, ఇవన్నీ చూసే కదా బ్యాటర్ ముందే అంచనా కడతాడు. 2004లో జెన్నీ ఫించ్ అనే సాఫ్ట్‌బాల్ (బేస్‌బాల్ లాంటిదే ఇంకో ఆట) క్రీడాకారిణి ఒక ప్రదర్శన మ్యాచ్‌లో ఆల్బర్ట్ పుహోల్స్ లాంటి మేజర్ లీగ్ (అమెరికాలో అన్నిటికంటే పై స్థాయి బేస్‌బాల్) మొనగాణ్ణి స్ట్రైకౌట్ చేసింది. ఆమె చెయ్యి కిందనుంచి తిరుగుతుంది, దూరం 43 అడుగులే, ఆయన కళ్లు ఏళ్ల తరబడి చదవడం నేర్చుకున్న గుర్తులేవీ అక్కడ లేవు. మావాడిది దానికి తిరగేసిన కథ. వీడు యంత్రాన్ని చదవడం నేర్చుకున్నాడు, మ్యాచ్‌లో మనిషి ఎదురయ్యాడు.

ఏప్రిల్‌లో రెండో చోటుకి మారాం. టైర్ల షాపుకీ టైల్స్ షాపుకీ మధ్య ఒక గోడౌన్. షట్టరు, రెండు వల పంజరాలు, అరిగిపోయిన పచ్చ తివాచీ, మూల ఒక పెద్ద ఫ్యాను. గంటకి 30 డాలర్లు, బ్యాచ్‌లో నలుగురు పిల్లలు. కోచ్ ఒకప్పుడు కాలేజీ జట్టులో క్యాచర్‌గా (మన వికెట్‌కీపర్ లాంటివాడు) ఆడినాయన, నలభై దాటి ఉంటాయి. మొదటిరోజు మావాడికి ఓ ఇరవై బంతులు విసిరి, ఒక్క మాటా చెప్పకుండా నా వైపు తిరిగి, "ఇంట్లో వీడితో క్రికెట్ ఎవరు ఆడుతున్నారు సర్?" అని అడిగాడు.

దొరికిపోయాను. వచ్చిన దగ్గర్నుంచి పెరట్లో టెన్నిస్ బంతితో వాడి చేత నిటారు బ్యాట్ ఆడిస్తున్నాను, ఎడమ మోచెయ్యి పైకి, బ్యాట్ ముఖం చూపించు అని. అభ్యసన బదలాయింపులో, అంటే ఒకచోట నేర్చింది ఇంకోచోట పనిచేయడంలో, అనుకూలం, ప్రతికూలం, శూన్యం అని పాఠం చదివినవాణ్ణే, మనవడికి ప్రతికూల బదలాయింపు నేనే అంటిస్తున్నానన్నమాట. క్రికెట్లో బంతి నేల తాకి లేస్తుంది, బ్యాట్ పైనుంచి కిందికి గోడలా దిగాలి. ఇక్కడ బంతి గాల్లోనే ఛాతీకీ మోకాలికీ మధ్య వస్తుంది, బ్యాట్ భుజం దగ్గర్నుంచి అడ్డంగా తిరగాలి. మానేయమంటావా అని అడిగాను. వద్దు, ఆడండి, కళ్లకి మంచిదే, కాకపోతే మ్యాచ్‌కి ముందు రోజు మాత్రం వద్దన్నాడు. నాకు గౌరవం కలిగింది ఆ మాటతోనే.

ఇక పాఠం. మొదటి చూపులో గందరగోళం. ఒక బంతి గట్టిగా, తర్వాతది మెల్లగా, ఆ తర్వాతది బయటికి, ఏది ఎప్పుడొస్తుందో తెలియదు. రక్షణ తెర వెనక స్టూలు మీద కూర్చుని ఇరవై అడుగుల నుంచే విసురుతాడు. దూరం తగ్గించి వేగమూ తగ్గిస్తే పిల్లవాడికి దొరికే సమయం మ్యాచ్‌లో దొరికినంతే ఉంటుంది, చెయ్యి మాత్రం బాగా కనిపిస్తుంది. వేగంగా వేసినా మెల్లగా వేసినా చెయ్యి ఒకేలా తిప్పుతాడు. అదే తమాషా. మావాడు మొదటివారం వందకి పాతిక కూడా కొట్టలేదు. మూడు వారాలు అంతే. అమ్మాయికి టెన్షన్ మొదలైంది. "నాన్నా, డబ్బులిచ్చి మరీ వాణ్ణి పాడు చేయిస్తున్నామా?" అంది.

నేనే ఆగమన్నాను. ఈ పద్ధతి గురించి చదివాను కాబట్టి కాదు, ఖోఖో నేర్పినవాణ్ణి కాబట్టి. ఎవరు లేస్తారో తెలియకుండా పరిగెత్తడమే కదా ఖోఖో. చదవడం తర్వాత మొదలైంది, అమ్మాయే వెతికిపెట్టింది. 1994లో హాల్, డొమింగెజ్, కవాజోస్ అనే ముగ్గురు అచ్చంగా ఇదే పరీక్షించారు. జూనియర్ కాలేజీ ఆటగాళ్లు 30 మందిని మూడు గుంపులు చేశారు. రెండు గుంపులకి ఆరు వారాలపాటు వారానికి రెండుసార్లు అదనంగా 45 బంతులు. ఒక గుంపుకి వరసగా 15 ఫాస్ట్‌బాల్స్ (వేగం బంతులు), 15 కర్వ్‌బాల్స్ (వంపు తిరిగేవి), 15 ఛేంజప్స్ (వేగంగా వస్తుందనిపించి మెల్లగా వచ్చేవి). రెండో గుంపుకి అవే 45, కానీ కలగాపులగంగా. మూడో గుంపుకి అదనపు సాధన లేదు. చివర్లో మ్యాచ్‌లోలా ఏ బంతి వస్తుందో తెలియకుండా వేసి పరీక్షిస్తే, కలగాపులగం గుంపు 57 శాతం మెరుగైంది, వరస గుంపు 25 శాతం, మూడోది 6 శాతం. బంతులు అవే, లెక్క అదే, వరస ఒక్కటే తేడా. వంటింట్లో మా ఆవిడ పచ్చడికి ఉప్పు వేసే ముందు ప్రతిసారీ మామిడికాయ కొరికి చూస్తుంది. వరసలో కొట్టేవాడికి ఆ కొరికి చూసే పని ఉండదు. పదిహేనో బంతి ఏమిటో పద్నాలుగో బంతే చెప్పేస్తుంది.

కోచ్ నోటి పొదుపు గురించి కూడా చెప్పాలి. మోచెయ్యి, తుంటి, పాదం అనే మాటలు ఆయన నోట నేను దాదాపు వినలేదు. వల మీద ఎర్ర టేపుతో ఒక చదరం అతికించి, బంతి అందులోంచి బయటికి పోతున్నట్టు కొట్టమంటాడు. మనసు ఒంటి మీద కాకుండా ఒంటి బయట, దెబ్బ ఫలితం మీద పెడితే కదలిక బాగా కుదురుతుందని గాబ్రియేల్ వుల్ఫ్ అనే ఆవిడ ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి చూపించింది. సైకిల్ నేర్పేటప్పుడు మనం అనే మాట కూడా అదే కదా: పెడల్ చూడకురా, ముందుకి చూడు.

మావాడికి చేతులు దూరంగా విసిరి, బ్యాట్‌ని తాడులా తిప్పే అలవాటుంది. మొదటి చోట ఆరు వారాలు "చేతులు లోపల, చేతులు లోపల" అని జపం చేశారు, పోలేదు. ఈయన వాణ్ణి వలకి బ్యాట్ పొడవంత దూరంలో నిలబెట్టి, వల తగలకుండా ఊపమన్నాడు. మొదటి ఊపుకి బ్యాట్ వలలో చిక్కుకుంది. నలుగురు పిల్లలూ పడిపడి నవ్వారు, మావాడితో సహా. ఎనిమిదో ఊపుకో తొమ్మిదో ఊపుకో వాడంతట వాడే చేతులు దగ్గరికి లాక్కున్నాడు. వల చెప్పింది, మనిషి చెప్పలేదు.

నేను ఒకరోజు ఆయనతో, వీడి ఊపు ప్రతిసారీ ఒకేలా లేదే అన్నాను. ఆయన నవ్వి, రష్యాలో ఎప్పుడో ఒకాయన సుత్తి దెబ్బ కొట్టే పనివాళ్లని ఫోటోలు తీశాడు, వెతుక్కోండి అన్నాడు. వెతికితే నికొలాయ్ బెర్న్‌స్టెయిన్ దొరికాడు. చెయ్యి తిరిగిన పనివాడి సుత్తి ప్రతిసారీ అదే చోట పడుతుంది, కానీ మోచెయ్యి, భుజం నడిచే దారి ఏ రెండు దెబ్బలకీ ఒకటి కాదు. మా ఊరి కొలిమి దగ్గర గంటలు గంటలు నిలబడి చూసినవాణ్ణి, ఇది నాకు కనబడనేలేదు. డాన్ బ్రాడ్‌మన్ చిన్నప్పుడు బౌరల్‌లో నీళ్ల ట్యాంకు దిమ్మెకి గోల్ఫ్ బంతి విసిరి, అది ఎటు తిరిగొస్తే అటు స్టంపుతో కొట్టేవాడని మేం పిల్లలకి కథలా చెప్పేవాళ్లం. చెప్పి, వాళ్ల చేత మాత్రం ఒకే డిఫెన్సు వందసార్లు ఆడించేవాళ్లం.

ఇంకో అలవాటు. దెబ్బ పడగానే బాగుంది, బాగాలేదు అనడు. నాలుగైదు బంతులు పోయాక "ఇందాకటిది బ్యాట్ మీద ఎక్కడ తగిలింది?" అని అడుగుతాడు. పిల్లవాడు చెప్పాలి. ప్రతి ప్రయత్నానికీ ఫలితం చెప్పేస్తే సాధనలో బాగానే ఉంటుంది, చెప్పడం ఆపగానే పడిపోతారని 1984లో సాల్మోనీ, ష్మిట్, వాల్టర్ అనే పరిశోధకులు రాశారు. మొదటి చోట టీవీ చేసింది అదే. చేతికర్ర ఇచ్చి మ్యాచ్ రోజు లాగేసుకోవడం.

బంతుల మీద ఎర్ర చుక్క, నీలం చుక్క పెట్టి నీలానికే కొట్టు అనే ఆట ఒకటుంది. దానికంటే నాకు నచ్చింది "యస్, యస్, నో". ప్రతి బంతికీ కొట్టబోతున్నట్టే కదలాలి, చివర్లో వద్దనిపిస్తే ఆగాలి. మావాడి జబ్బు దానికి తలకిందులు. చూద్దాం, చూద్దాం అనుకునేసరికి బంతి గ్లవ్‌లో ఉండేది.

జూన్‌లో కోచ్ హోంవర్కుగా ఫ్రిస్కో రఫ్‌రైడర్స్ మ్యాచ్‌కి వెళ్లి, హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) వెనక కూర్చుని, ప్రతి బంతికీ అంపైర్ కంటే ముందు బాల్ (వదిలేయాల్సిన బంతి), స్ట్రైక్ చెప్పమన్నాడు. మేజర్ లీగ్ జట్టు రేంజర్స్‌కి పంపడానికి కుర్రాళ్లని తయారుచేసే డబుల్-ఎ (మేజర్ లీగ్‌కి రెండు మెట్లు కింద) జట్టు అది. బండూరా అనే మనస్తత్వవేత్త చెప్పిన పరిశీలనా అభ్యసనంలో (చూసి నేర్చుకోవడం) మొదటి మెట్టు అవధానం, అంటే దృష్టి పెట్టడం, అని చదివాం, దాన్ని ఇలా చేయించొచ్చని తట్టలేదు. ఆ స్టేడియంలో కుడివైపు బౌండరీ అవతల ఒక నీళ్ల కాలవ ఉంది, జనం ట్యూబుల్లో తేలుతూ మ్యాచ్ చూస్తారు. మూడో ఇన్నింగ్స్ నుంచి మావాడి అవధానమంతా అటే.

ఇక్కడ నన్ను కదిలించిన ఒక సంగతి చెప్పి ముందుకెళ్తా, కోచింగ్‌కి సంబంధం లేకపోయినా. తొమ్మిది, పదేళ్ల పిచ్చర్ రోజుకి 75 బంతులకి మించి వేయకూడదని పిల్లల బేస్‌బాల్ సంస్థ లిటిల్ లీగ్ నియమం. ఒక పెద్దమనిషి కౌంటరు పట్టుకుని లెక్కపెడతాడు. నా సర్వీసులో ఎంతమంది పిల్లల భుజాలు నేను లెక్కపెట్టకుండా వాడేశానో.

ఫలితం? మే మధ్యలో ఒక మ్యాచ్‌లో మెల్లగా వచ్చిన బంతికి మావాడు కాలు వేసి, ఆగి, అప్పుడు తిప్పాడు. సెకండ్ బేస్ (పరుగులో తాకాల్సిన నాలుగు మజిలీల్లో రెండోది) మీదుగా వెళ్లింది. ఆనందంలో ఫస్ట్ బేస్ దాటి ఊరికే పరిగెత్తి, సెకండ్ దగ్గర అవుటయ్యాడు. సీజన్ చివరి ఆరు మ్యాచ్‌ల్లో ఐదు హిట్లు (కొట్టి బేస్ చేరడం), నాలుగు వాక్‌లు (నాలుగు బాల్స్ వదిలితే ఊరికే ఫస్ట్ బేస్ దొరకడం). స్ట్రైకౌట్లు మ్యాచ్‌కి ఒకటికి తగ్గాయి. అంతా కోచింగ్ మహిమే అనను, ఈలోగా వాడు ఒకటిన్నర అంగుళం పెరిగాడు కూడా.

ఇప్పుడు నా ఫిర్యాదు. ఈ గోడౌన్ అందరికీ పనికిరాదు. మా బ్యాచ్‌లో ఏడేళ్ల పాప ఒకతి చేరింది, బ్యాట్ పట్టడం అదే మొదలు. దానికీ అదే కలగాపులగం. ఇరవై బంతుల్లో ఒక్కటీ తగల్లేదు, వెక్కివెక్కి ఏడ్చింది. ఫిట్స్, పోస్నర్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు 1967లో చెప్పిన నేర్చుకోవడంలోని మూడు దశల్లో మొదటిదాంట్లో ఉన్న పిల్ల అది, అసలు ఏం చేయాలో బుర్రకి పట్టించుకునే దశ. వైగాట్‌స్కీ సామీప్య వికాస మండలం అంటాం కదా, పక్కన ఒకరు చెయ్యి పడితే అందుకోగలిగినంత దూరం. ఈ బంతులు ఆ పాపకి దానికి చాలా అవతల పడుతున్నాయి. టీ (బంతిని కదలకుండా నిలబెట్టే కర్ర) మీద బంతి పెట్టి ఓ వారం వరసగా కొట్టించి ఉంటే సరిపోయేది. పాప మళ్లీ రాలేదు. అదే మాట ఆయనతో అన్నాను. విన్నాడు, ఒప్పుకున్నాడో లేదో తెలియదు, కానీ జూన్‌లో కొత్తగా చేరిన పిల్లాడికి రెండు వారాలు టీ పెట్టాడు.

చిన్న చిన్నవి: పాఠం ఎప్పుడూ పది నిమిషాలు ఆలస్యం. బాత్రూమ్ పక్క టైర్ల షాపులో. పాఠం ఎందుకలా చెప్తున్నాడో తల్లిదండ్రులకి వివరించడు, అందుకే సగంమంది మూడోవారానికే మానేస్తున్నారు. ఒక కాగితం రాసి గోడకి అంటిస్తే ఈ గొడవ ఉండదు.

మొదటి చోటు పూర్తిగా దండగ అనను. పుట్టినరోజులకీ, వానాకాలపు సరదాకీ బాగుంటుంది. కాఫీ కూడా అక్కడే బాగుంటుంది.

రెండోదానికి నా మార్కులు పదికి ఎనిమిది. ఒకటి ఆ పాప కోసం, ఒకటి ఉక్క కోసం తీశాను. చివరి క్లాసు రోజు కోచ్ నా చేతికీ బ్యాట్ ఇచ్చాడు. పన్నెండు విసిరితే రెండు తగిలాయి. "ఎక్కడ తగిలింది సర్?" అన్నాడు. మనవడు నాకంటే ముందే చెప్పేశాడు, "హ్యాండిల్ దగ్గర తాతయ్యా, రెండూ."

వెళ్లేవాళ్లు జూలైలో అయితే ఇద్దరికీ కలిపి మూడు నీళ్ల సీసాలు తీసుకెళ్లండి. మడతకుర్చీ కూడా. అక్కడి బెంచీకి ఒక కాలు లేదు, ఇటుక పెట్టారు.